కాణిపాకంలో ప్రమాణం, వడ్డీకాసులవాడి అప్పు: నీతి ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

నీతి దేవుడిచ్చిందా, ప్రకృతిలో పుట్టిందా అన్న వాదన మీ ఉత్తరాల పేజీలో సాగుతోంది. దైవభీతి పోయింది కాబట్టే లోకం ఇట్లా అయిందని ఒకరు రాస్తే, కోతులకే నీతి ఉందని తేలాక ఇంక దేవుడెందుకని మరొకరు జవాబిస్తున్నారు. ఇద్దరి నిజాయితీనీ శంకించాల్సిన పనిలేదు. కాకపోతే ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెబుతూ, ఒకే ప్రశ్న మీద కొట్లాడుతున్నామనుకుంటున్నారు. మాలో ఒకరు తత్వశాస్త్రం, ఒకరు మనస్తత్వశాస్త్రం చెప్పేవాళ్లం. ఈ చిక్కుముడి విప్పడం మా పనే అనిపించి రాస్తున్నాం.

చిత్తూరు వైపు అందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాం. అన్నదమ్ముల కయ్యల (మళ్ల) మధ్య గెనిమ, అంటే గట్టు, మూరెడు జరిగింది. జరిపావని ఒకడు, జరపలేదని ఒకడు. పెద్దమనుషులకు తెగలేదు. 'అయితే కాణిపాకం పదండి' అన్నారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి 'నేను జరపలేదు' అనాలి. ఊళ్లో ఎన్ని అబద్ధాలైనా అలవోకగా ఆడేవాడికి అక్కడ నాలుక తడారిపోతుంది. కోనేటి దాకా రాకముందే ఒప్పుకున్నవాళ్లు ఉన్నారని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఒక్క తగాదాలో మూడు ప్రశ్నలున్నాయి. గెనిమ జరపడం తప్పని ఆ ఇద్దరికీ కాణిపాకం బయల్దేరకముందే తెలుసు. ఆ తెలివిడి ఎక్కడిది? ఇది పుట్టుక ప్రశ్న. అసలది తప్పెందుకయింది? ఇది న్యాయం ప్రశ్న. తెలిసీ చేసినవాడు స్వామి ముందు ఎందుకు వణుకుతాడు? ఇది కాపలా ప్రశ్న. ప్రమాణం పనిచేసేది మూడోదాని మీదే. దైవభీతి గురించి రాసినవారు మూడోదానికి జవాబు చెబుతున్నారు, కోతుల గురించి రాసినవారు మొదటిదానికి. రెండోది దిక్కులేకుండా పడి ఉంది.

మొదటిదానికి జవాబు ప్రకృతి వైపే ఉందని మా అభిప్రాయం. గుంపుగా బతికే జంతువుకు బిడ్డల మీద, తోడువాటి మీద మమకారం ఉండి, మనిషికున్నంత బుద్ధి కూడా తోడైతే, మంచిచెడ్డల స్పృహ పుట్టక తప్పదని 1871లోనే డార్విన్ రాశాడు. 1964లో హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త దానికో లెక్క కట్టాడు. సాయం అందుకున్నవాడికి కలిగే లాభాన్ని చుట్టరికం పాలుతో (ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన జన్యువుల వంతుతో) గుణిస్తే వచ్చేది, సాయం చేసినవాడి నష్టం కంటే ఎక్కువగా ఉండాలి. అప్పుడే సాయం చేసే గుణం తరాల్లో నిలుస్తుంది. తోడబుట్టినవాళ్లకు ఆ పాలు సగం. చిన్నాన్న పిల్లలకు ఎనిమిదో వంతు. అంటే తమ్ముడి కోసం ఒక పాలు నష్టపోతే వాడికి రెండు పాళ్లకు మించి, చిన్నాన్న కొడుక్కైతే ఎనిమిది పాళ్లకు మించి మేలు జరగాలి. 'తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం' అన్న సామెతకు ఇంతకంటే దగ్గరి లెక్క దొరకదు. ఇక్కడ చాలామంది ఒకచోట పొరబడతారు. మనిషి ఈ లెక్క వేసుకుని తమ్ముణ్ని ఆదుకుంటాడని కాదు. ఆ లెక్క వేల తరాల ఎంపికలో జరిగిపోయింది. అన్న గుండెలో ఉండేది ప్రేమే, అది నిజమైన ప్రేమే.

చుట్టరికం లేనివాళ్ల సంగతి 1971లో ట్రివర్స్ అనే మరో జీవశాస్త్రవేత్త చెప్పాడు. మళ్లీ మళ్లీ ఎదురుపడేవాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం నిలుస్తుందన్నాడు. మనవాళ్లు 'ముయ్యికి ముయ్యి' అనేది దీన్నే. చెనక్కాయలు పీకేటప్పుడు బదులాళ్లు పోవడం దీని మీదే నడుస్తుంది. రక్తం తాగి బతికే గబ్బిలాలకు రెండు మూడు రాత్రులు వరసగా తిండి దొరక్కపోతే ప్రాణం పోతుంది. కడుపు నిండిన గబ్బిలం తాగినదాన్ని కక్కి, ఆకలితో ఉన్న తోటిదానికి పెడుతుంది. కోస్టారికాలో విల్కిన్సన్ 1984లో ఇది చూపించాడు. 1964లో కోతుల మీద జరిగిన ఒక పరీక్షలో, గొలుసు లాగితే తిండి వస్తుంది, కానీ పక్క గదిలోని కోతికి కరెంటు షాకు కొడుతుంది. ఒక కోతి 12 రోజులు గొలుసు ముట్టక పస్తు ఉంది.

అయితే ఈ వైపు వాదించేవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఆరు నెలల, పది నెలల పసిబిడ్డలు సాయం చేసిన బొమ్మనే ఎంచుకుంటారన్న 2007 నాటి పరీక్షను ఉపన్యాసాల్లో తెగ వాడుతున్నారు. తర్వాత అనేక దేశాల ప్రయోగశాలలు కలిసి, వందల మంది పిల్లలతో అదే పరీక్ష మళ్లీ చేస్తే ఆ మొగ్గు కనబడలేదు. ఇక దాన్ని వాడకపోవడం మంచిది. అంతకంటే గట్టిది, ఎవరింట్లోనైనా చూడగలిగింది ఒకటుంది. బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపండి. ఏడాదిన్నర బిడ్డ, అడగకుండానే, పొగడకుండానే, పాక్కుంటూనో తప్పటడుగులేస్తూనో వచ్చి తీసిస్తుంది. వార్నెకెన్, టొమసెల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఇదే చేసి చూపారు. రెండేళ్ల తర్వాత వాళ్లే మరో సంగతి కనిపెట్టారు. సాయం చేసిన ప్రతిసారీ బహుమతి ఇస్తూ పోయి, తర్వాత ఆపేస్తే, ఆ పిల్లలు మామూలు పిల్లల కంటే తక్కువ సాయం చేశారు. చాక్లెట్ ఆశపెట్టి మంచి నేర్పాలనుకునే తల్లిదండ్రులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. స్వర్గం ఆశచూపి నేర్పేవాళ్లు కూడా. 'అయ్యో పాపం' అన్నప్పుడు మన నోట్లో పాపం అంటే జాలి. 'పాపం చేశాడు' అన్నప్పుడు అదే మాట దోషం. ఆ రెండూ ఒక్క మాటలో ఇమిడిన భాష మనది. మాకు ఇది ఊరికే కుదిరినట్టు అనిపించదు.

చదివి నమ్మడం కంటే చేసి చూడటం మేలు కాబట్టి, తిరుపతి, చిత్తూరు జిల్లాల హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో చింతగింజలతో ఆడించదగ్గ ఆట ఒకటి చెబుతాం. ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెట్టండి. ఒక్కో జతకు 120 గింజలు, ఒక్కొక్కరికి రెండు అట్టముక్కలు: ఒకదాని మీద 'ఇస్తా', ఇంకోదాని మీద 'ఎగ్గొడతా'. ఇద్దరూ ఒక ముక్క బోర్లా పెట్టి, ఒక్కసారే తిప్పాలి. ఇద్దరూ 'ఇస్తా' అంటే చెరి మూడు గింజలు. ఇద్దరూ 'ఎగ్గొడతా' అంటే చెరొకటి. ఒకరు ఇచ్చి ఒకరు ఎగ్గొడితే, ఎగ్గొట్టినవాడికి ఐదు, ఇచ్చినవాడికి సున్నా.

ఎన్ని ఆటలో ముందే చెప్పారా, అంతా పాడవుతుంది. ఆఖరాటలో ఎగ్గొడితే అడిగేవాడు లేడని ఇద్దరికీ తెలుసు. కాబట్టి దాని ముందాటకూ విలువ ఉండదు. అట్లా వెనక్కి వెనక్కి మొదటాట దాకా నమ్మకం చెడిపోతూ వస్తుంది. అందుకని పదో ఆట అయ్యాక ప్రతి ఆటకూ పాచిక వెయ్యాలి. ఆరు పడితే ఆట ముగిసినట్టు. ఒక్కోసారి ఆట సాగిపోతుంది కాబట్టి అయ్యవారి దగ్గర మరో రెండు దోసిళ్ల గింజలు ఉండాలి.

పది ఆటల లెక్క చూడండి. ఇద్దరూ ఇస్తూ పోతే చెరి 30. ఇద్దరూ ఎగ్గొడుతూ పోతే చెరి 10. ఒకడు ఎప్పుడూ ఎగ్గొట్టేవాడు, ఇంకోడు మొదట ఇచ్చి, ఆ తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అదే చేసే ముయ్యివాడు అనుకోండి. మొదటివాడికి 14, ముయ్యివాడికి 9. పక్కవాణ్ని ఓడించానని ఎగ్గొట్టినవాడు మురుస్తాడు. క్లాసు మొత్తం గింజలు లెక్కపెట్టినప్పుడు వాడు 30 గింజల జతల కింద ఎక్కడో ఉంటాడు. 1980 ప్రాంతంలో యాక్సెల్‌రాడ్ అనే రాజనీతి శాస్త్రవేత్త కంప్యూటర్ల మీద ఇదే పోటీ రెండుసార్లు పెట్టాడు. మొదట 14 పథకాలు, తర్వాత 62. రెండుసార్లూ గెలిచింది రాపొపోర్ట్ పంపిన ముయ్యికి ముయ్యి పథకమే. ఆ పథకం ఏ ఒక్క ఎదురాటగాడి మీదా పైచెయ్యి సాధించదు, ఎక్కువమందితో కలిసి పండిస్తుంది.

ఇందులో ఒక లోపం ఉంది. పిల్లలకు అది తప్పకుండా చూపించాలి. ఇద్దరు ముయ్యివాళ్లు ఆడుతుంటే, నాలుగో ఆటలో ఒకడు పొరపాటున తప్పు ముక్క తిప్పాడనుకోండి. ఐదో ఆటలో రెండోవాడు బదులు తీర్చుకుంటాడు, ఆరో ఆటలో మొదటివాడు. అంతే, ఇంక ఆగదు. సగటున ఆటకు మూడు రావాల్సిన చోట రెండున్నర. ఇంకో పొరపాటు జరిగితే ఒకటికి పడిపోవచ్చు. తరాల పగలు ఇట్లాగే నడుస్తాయి. దీనికి మందు లెక్కలోనే ఉంది. ఎదుటివాడు ఎగ్గొట్టినప్పుడు మూడింట ఒకసారి క్షమించాలి. పాచిక వేసి ఒకటో రెండో పడితే 'ఇస్తా' తిప్పమనండి, పగ కోలుకుంటుంది. అదే పనిగా క్షమిస్తే ఎగ్గొట్టేవాడికి పండగ. ఎన్నడూ క్షమించకపోతే ఇద్దరికీ నష్టం. ఈ గింజల ముందు కూర్చున్న పద్నాలుగేళ్ల పిల్లకు క్షమ ఎందుకు పుట్టిందో ఏ ఉపన్యాసం లేకుండా అర్థమవుతుంది.

రెండో ప్రశ్న అసలైనది, అందరూ దాటవేసేది. దేవుడు చెప్పాడు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవుడు చెప్పాడా? గ్రీకు దేశంలో సోక్రటీసు అడిగాడంటారు. మన తిరుపతిలో ఆ ప్రశ్నకు జవాబు రోజూ హుండీలో పడుతూనే ఉంది. పెళ్లి కోసం శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, పత్రం రాసిచ్చాడు, బ్రహ్మను, శివుణ్ని సాక్షులుగా పెట్టాడు, ఈనాటికీ వడ్డీ కడుతున్నాడు. అందుకే వడ్డీకాసులవాడన్నాం. ఈ కథ చెప్పుకున్నవాళ్లు ఎంత లోతుగా ఆలోచించారో చూడండి. అప్పు తీర్చడం ధర్మమన్నది స్వామి పెట్టిన నియమమైతే, స్వామి దాన్ని తన వరకు ఎత్తేసుకోవచ్చు. ఎత్తేసుకోలేదు. సాక్షాత్తూ దేవుడే ఆ నియమానికి కట్టుబడ్డాడని మన భక్తులే నమ్ముతున్నారు. అంటే ఆ నియమం ఆజ్ఞ వల్ల పుట్టింది కాదని నమ్ముతున్నట్టే.

దీనికి ఆస్తికుల జవాబు ఒకటుంది, అది బలహీనమైంది కాదు. దేవుడి స్వభావమే మంచితనం, ఆజ్ఞ వేరు, మంచి వేరు కాదు అంటారు. మంచిది. కానీ ఆ స్వభావాన్ని 'మంచి' అని గుర్తుపట్టడానికి మన దగ్గర ముందే ఒక కొలత ఉండాలి కదా. ఆ కొలత గురించే ప్రశ్న. 'దేవుడే సత్యం' అంటూ వచ్చిన గాంధీజీ 1931లో దాన్ని 'సత్యమే దేవుడు' అని తిరగేసింది ఊరకే కాదు.

మన సంప్రదాయం కూడా 'దేవుడి ఆజ్ఞే ధర్మం' అని ఒక్క ముక్కలో తేల్చలేదు. ధర్మానికి మూలాలు నాలుగని మనుస్మృతి చెబుతుంది: వేదం, స్మృతి, మంచివాళ్ల నడవడి, చివరికి తన మనసుకు తృప్తి. వేదాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్న మీమాంసకులు వేదాన్ని ఎవరూ రాయలేదన్నారు, దేవుడు కూడా. బౌద్ధులు, జైనులు సృష్టికర్త లేకుండానే అహింస బోధించారు. ఇతరులు ఏది చేస్తే నీ మనసుకు బాధో, దాన్ని ఇతరులకు చెయ్యకపోవడమే ధర్మాలన్నింటికీ ఆధారమని మన తిక్కన 13వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. అందులో ఎవరి ఆజ్ఞా లేదు. ఇక రామానుజాచార్యులు. ఆయన గురువు గోష్ఠీపూర్ణులు మంత్రం చెప్పి, దీన్ని బయటపెడితే నరకానికి పోతావన్నారు. ఆయన తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అందరికీ వినబడేట్టు చెప్పారు. ఇంతమందికి మోక్షం వస్తుందంటే నేనొక్కణ్ని నరకానికి పోతే ఏమన్నారు. గురువాజ్ఞ, నరకభయం రెండూ ఒకవైపు, జనం మేలు ఒకవైపు. ఆయన తూచుకున్నది ఏ తక్కెడలో? తిరుమల కట్టుబాట్లకు ఆయన్ని మూలపురుషుడిగా తలుచుకునే మనం ఈ ప్రశ్న వేసుకోవాలి.

ప్రకృతి పక్షంవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. ప్రకృతిలో ఉంది కాబట్టి న్యాయమే అనేస్తారు. కొండముచ్చుల గుంపును కొత్త మగది గెలుచుకున్నప్పుడు పాతదాని పసికూనల్ని చంపడం మన దేశంలోనే, అబూ కొండల్లో, 1970ల్లో నమోదైంది. అదీ ప్రకృతే. హామిల్టన్ లెక్కలోనే అన్నదమ్ముల ప్రేమతో పాటు బంధుప్రీతి కూడా ఉంది. ఉద్యోగం తన మేనల్లుడికి ఇప్పించుకున్న అధికారి ఆ లెక్క ప్రకారమే నడిచాడు. ఉన్నదాని నుంచి ఉండాల్సింది దానంతటదే రాదని 1740లో హ్యూమ్ అనే తత్వవేత్త చెప్పింది ఇందుకే. ప్రకృతి మనకు జాలిని, సిగ్గును, పగను, పక్షపాతాన్ని అన్నింటినీ కలిపి ఒక బుట్టలో ఇచ్చింది. ఏది ఉంచుకోవాలో ఎదుటివాడికి కారణం చెప్పి ఒప్పించగలిగినప్పుడే న్యాయం మొదలవుతుంది. గెనిమ జరిపినవాడు, తన గెనిమను మరొకడు జరిపితే ఒప్పుకోడు. తప్పెందుకంటే అందుకే.

మూడోది కాపలా. ఇక్కడ ఆస్తికులు చెప్పేదాంట్లో పస ఉంది. ఫిజీ నుంచి సైబీరియా దాకా ఎనిమిది సమాజాల్లో 591 మందితో జరిగిన పరీక్ష 2016లో వెలువడింది. 30 నాణేలు, రెండు గిన్నెలు (ఒకటి తనకో తన ఊరి సాటి మతస్థుడికో, ఇంకోటి దూరపు ఊరి సాటి మతస్థుడికి), రెండు రంగుల పాచిక. మనిషి ఒంటరిగా కూర్చుంటాడు. ప్రతి నాణేనికి ముందు ఒక గిన్నెను మనసులో అనుకుని పాచిక వెయ్యాలి. ఒక రంగు పడితే అనుకున్న గిన్నెలో, రెండో రంగు పడితే మరో గిన్నెలో వెయ్యాలి. మనసులో అనుకున్నది ఎవరికీ తెలియదు కాబట్టి మోసం చెయ్యడం చాలా తేలిక. తమ దేవుడికి అన్నీ తెలుసు, తప్పుచేస్తే శిక్షిస్తాడు అని గట్టిగా నమ్మేవాళ్లు, దూరపు ఊళ్లో ఉన్న తమ మతస్థుల గిన్నెలో న్యాయంగా ఎక్కువ వేశారు. దైవసాక్షి ధర్మాన్ని చుట్టాల దాకానే ఆపకుండా పరాయి ఊరి దాకా తీసుకుపోయింది. కానీ ఆ గిన్నె సాటి మతస్థుడిదని మరవకూడదు.

దీన్నీ బడిలో ఆడించవచ్చు. గింజలు 30, సరి బేసి పాచిక, ఒక గిన్నె 'నాకు', ఇంకోటి 'పక్క ఊరి బడికి'. నిజాయితీగా ఆడితే 'నాకు' గిన్నెలో సగటున 15 ఉండాలి. నలభైమంది సగటు 17 దాటితే క్లాసులో కొంత చేతివాటం జరిగినట్టే. అయితే ఏ ఒక్కణ్నీ నిలదీయకూడదు. నిజాయితీగా ఆడినవాడికి కూడా 20, అంతకు మించి రావడం నూటికి ఐదుసార్లు జరుగుతుంది.

కాపలాకు దేవుడొక్కడే ఆధారం కాదు. నెలకు ఐదు వేల చొప్పున ఇరవైమంది చీటీ వేశారనుకోండి. మొదటి నెలలోనే పాడుకున్నవాడు ఇంకా పంతొమ్మిది కంతులు, అంటే 95 వేలు కట్టాలి. పటం ముందు దీపం పెట్టి మొదలైన చీటీలో కూడా వాణ్ని జామీను అడుగుతారు. దీపం ఎందుకు చాలలేదు? దేవుడు క్షమిస్తాడని, ముడుపు కడితే సరిపోతుందని అనుకునేవాడు కూడా దైవభక్తుడే కాబట్టి. పై కథలో శ్రీనివాసుడి దగ్గరే పత్రం, సాక్షులు అడిగాడు కుబేరుడు.

మన చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. 1873 నాటి ప్రమాణాల చట్టం కింద ఒక కక్షిదారు 'అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేస్తే నేను కట్టుబడతా' అనవచ్చు. అవతలివాడు చేశాడంటే ఆ మాటే తిరుగులేని సాక్ష్యం. 1969 చట్టం ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు సాక్షి దైవసాక్షిగా ప్రమాణం చెయ్యవచ్చు, లేదా దేవుణ్ని తలవకుండా సత్యనిష్ఠతో చెప్పవచ్చు. అబద్ధమాడితే ఇద్దరికీ శిక్ష ఒకటే, ఏడేళ్ల దాకా జైలు. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా పెద్దకూతురి పెళ్లికి, ప్రమాణంలో దేవుడి మాట తీసి సత్యం అన్న మాట పెట్టడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. ఆయన పోయాక 1948లో సేవాగ్రాంలో ఆ పెళ్లి జరిగింది. ఒక అంటరాని కులపు యువకుడితో జరిగిన పెళ్లి అది. దేవుణ్ని నమ్మినవాడు, నమ్మనివాడు కలిసి చేసిన పని.

కాలేజీల్లో ఈ అంశం మీద వక్తృత్వ పోటీ పెట్టేవాళ్లకు మా విన్నపం ఒకటి. 'నీతి దైవదత్తమా, ప్రకృతిసిద్ధమా' అని ఒక్క వాక్యంలో పెట్టకండి. పిల్లలు పది నిమిషాల్లో ఒకరి మతాన్ని ఒకరు తిట్టుకోవడంలో పడతారు. మూడు ప్రశ్నలుగా విడగొట్టి, ఒక్కోదానికి విడిగా సమయం ఇవ్వండి. ఏ ప్రశ్నకు జవాబు చెబుతున్నారో మాట్లాడేవాళ్లు ముందే చెప్పాలన్న నియమం పెట్టండి. రెండో ప్రశ్నకు మిగతా రెంటికీ కలిపి ఇచ్చినంత సమయం కావాలి.

ఇట్లు,
తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం బోధించే ఇద్దరు అధ్యాపకులు,
తిరుపతి.